డాబా మీద సోలార్: అసోసియేషన్ మీటింగ్‌కి ముందు చేయాల్సిన పనులు

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇంకెవరూ ఒప్పుకోకపోవడంతో ట్రెజరర్ పని నాకు అంటగట్టారు. కామన్ మీటరుకి సోలార్ పెట్టించే వ్యవహారం కూడా దానితోపాటే వచ్చింది. ప్యానెళ్లు, ఇన్వర్టర్ల సంగతి వెండర్ చూసుకుంటాడు. మనం చూసుకోవాల్సింది ఓట్లు. అందుకే ఇందులో మనుషుల గురించే ఎక్కువ ఉంటుంది.

ముందు కాగితాలు. కామన్ కనెక్షన్ ఎవరి పేరున ఉందో కరెంటు బిల్లు తీసి చూడండి. బిల్డింగ్ కట్టి పదేళ్లయినా బిల్డర్ పేరే ఉండటం మామూలే. అలా ఉంటే మొదట మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌లో అసోసియేషన్ పేరుకి మార్పించుకోండి. అసోసియేషన్‌కి రిజిస్ట్రేషన్, పాన్, బ్యాంకు ఖాతా ఉండాలి. సెక్రటరీ సొంత ఖాతాలో మెయింటెనెన్స్ పోగేసే చోట సబ్సిడీ ఊసెత్తకండి. తర్వాత డాబా ఎవరిదో తేల్చుకోండి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం డాబా మామూలుగా అందరిదీ. అయినా పై అంతస్తు వాళ్ల సేల్ డీడ్‌లో టెర్రస్ హక్కు గురించి ఒక వాక్యం దూరి ఉండొచ్చు. అది మీటింగ్‌లో బయటపడితే ఆ రోజుకి మీటింగ్ అయిపోయినట్టే. ముందే అడిగి చదవండి.

ఇప్పుడు లెక్క. ఏడాది బిల్లులు ముందేసుకుని లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లకి నెలకి సగటున ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి. 700 యూనిట్లు అనుకుందాం. ఒక కిలోవాట్‌కి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి కాబట్టి ఆరు కిలోవాట్లు సరిపోతాయి. కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల చొప్పున ఆరు వందల అడుగుల చోటు కావాలి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో అసోసియేషన్ల ఉమ్మడి అవసరాలకి కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. అంటే మనకి 1,08,000. కొటేషన్ 3,60,000 వచ్చిందనుకుంటే సబ్సిడీ పోను ఫ్లాటుకి 12,600 పడుతుంది. కాకపోతే సబ్సిడీ బిగించాక వస్తుంది. ముందుగా ఫ్లాటుకి 18,000 వసూలు చేయాల్సిందే. ఇది దాచి 12,600 అని చెప్పారంటే ఇక మీ మాట ఎవరూ నమ్మరు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పెట్టుబడి ఓనర్ పెట్టాలి. బిల్లు తగ్గితే లాభపడేది మెయింటెనెన్స్ కట్టే అద్దెవాళ్లు. ఓనరేమో హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటారు. "నాకేంటి?" అని ఆయన అడిగితే అందులో తప్పేం లేదు. "పర్యావరణం" అని జవాబిస్తే మళ్లీ ఫోన్ ఎత్తరు.

నాకు నచ్చిన దారి ఇది. సోలార్ వచ్చింది కదా అని మెయింటెనెన్స్ తగ్గించకండి, అలాగని పెంచకండి కూడా. బిల్లులో మిగిలిన డబ్బు వేరే ఖాతాలో వేసి, ముందు ఓనర్లు పెట్టినది వాళ్లకి తిరిగి ఇవ్వండి. యూనిట్‌కి 8 రూపాయలు అనుకుంటే నెలకి 5,600 మిగులుతుంది, నాలుగేళ్లలోపు అందరి డబ్బూ తిరిగొస్తుంది. ఆ తర్వాత మిగిలేది రంగులకి, లిఫ్టు మార్చడానికి దాచండి. అవి ఎలాగూ ఓనర్ జేబులోంచి పోయే ఖర్చులే. ఈ మాట దూరాన ఉన్న ఓనర్లకి ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేసి చెప్పండి. వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారో, మొదట "నో" అన్నవాడి వెనకాల ఇంకో నలుగురు చేరతారు. సరే అన్నవాళ్ల దగ్గర సంతకంతో లెటర్ తీసుకోండి. వాట్సాప్‌లో పెట్టే బొటనవేలు బొమ్మ తీర్మానానికి పనికిరాదు.

తర్వాత డాబా వాడేవాళ్లు. బట్టలు ఆరేసేవాళ్లు, వడియాలు పెట్టేవాళ్లు, సాయంత్రం నడిచేవాళ్లు. వీళ్లు మీటింగ్‌లో నోరు విప్పకపోవచ్చు, ఓటు మాత్రం వ్యతిరేకంగా వేస్తారు. మీటింగ్‌కి వారం ముందే ప్యానెళ్లు వచ్చే చోటు చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి, అందర్నీ పైకి పిలిచి చూపించండి. మిగిలే చోటు కళ్లతో చూస్తే సగం గొడవ అక్కడే ఆగుతుంది. చోటు ఎంచుకునేటప్పుడు మెట్ల గదికి దక్షిణం వైపు చూడండి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం నీడ ఉత్తరానికి పడుతుంది. నైరుతి మూల దొరికితే మరీ మంచిది. ఈశాన్యంలో బరువేంటి అనే పెద్దాయన ప్రతి బిల్డింగ్‌లోనూ ఒకరుంటారు. ఈ ఒక్క విషయంలో వాస్తు, సూర్యుడు మన పక్షానే ఉన్నారు, వాడుకోండి.

పై అంతస్తు వాళ్ల భయం వేరు. శ్లాబులో డ్రిల్లింగ్ చేస్తే వాన నీళ్లు కారేది వాళ్ల పడగ్గదిలోకే. కారితే ఎవరు బాగుచేయించాలో తీర్మానంలోనూ, వెండర్ అగ్రిమెంట్‌లోనూ రాయించండి. నోటిమాట వాళ్లకి చాలదు, చాలకూడదు కూడా.

విశాఖలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఏటమ్మా, హుద్‌హుద్‌కి వాటర్ ట్యాంకులే ఎగిరిపోతే ఈ రేకులు ఆగుతాయా?" ఆ తుఫాను వచ్చిన 2014 అక్టోబర్ 12ని ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. నవ్వి దాటేయకండి. గాలి ఒత్తిడి ప్రమాణాల్లో మన నగరానికి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం లెక్కలోకి తీసుకోవాలి. స్ట్రక్చర్ ఆ వేగానికి డిజైన్ చేశారని ఇంజనీర్ సంతకంతో కాగితం అడగండి. ఇవ్వని వెండర్‌ని పక్కన పెట్టండి, ధర ఎంత తక్కువైనా సరే. ఎత్తుగా కట్టే స్ట్రక్చర్ కింద బట్టలు ఆరేసుకోవచ్చు గానీ గాలి పట్టు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. నా ఓటు తక్కువ ఎత్తుకే. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసినది) అని కొటేషన్‌లో రాసి ఉండాలి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ రెండూ మన దేశంలో తయారైనవే కావాలి. ఐదేళ్ల నిర్వహణ వెండర్‌దే.

పార్టీలు రానివ్వకండి. పథకం పేరులో పీఎం అని వినగానే ఒకరు చప్పట్లు కొడతారు, ఇంకొకరు లేచి వెళ్లిపోతారు. మీరు "కేంద్ర సబ్సిడీ" అని చెప్పి బిల్లు చూపించండి. పరవాడలో సింహాద్రి 2,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉండగా మన ఆరు కిలోవాట్లతో ఏం ఒరుగుతుందని అడిగేవారు ఉంటారు. అదే సింహాద్రి రిజర్వాయర్ మీద ఎన్‌టీపీసీ 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పెట్టిందనీ, ముడసర్లోవ రిజర్వాయర్ మీద నగర కార్పొరేషన్ జీవీఎంసీకి 2 మెగావాట్లది ఉందనీ చెప్పి ఊరుకోండి. వాదన పెంచకండి.

కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా అంటే, నడవదు. బ్యాటరీ లేని ఈ సిస్టమ్ గ్రిడ్‌తోపాటే ఆగిపోతుంది. ఇది మీరే ముందు చెప్పండి.

తీర్మానం అయ్యాక దరఖాస్తు పీఎం సూర్యఘర్ నేషనల్ పోర్టల్‌లో. 2024లో మారిన కేంద్ర నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. ఆఫీసులో ఎవరైనా ఆ పేరుతో ఆపితే ఆ నిబంధన కాపీ చేతిలో పెట్టండి.

చివరగా, ప్యానెళ్లు కడగడం. దుమ్ము పేరుకుంటే యూనిట్లు తగ్గుతాయి. ఆ పని వాచ్‌మన్ మీద పడుతుందని అందరూ అనుకుంటారు, అతన్ని మాత్రం ఎవరూ అడగరు. అడగండి. పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కకముందే, ఉప్పు లేని నీళ్లతో కడగాలి. అందుకు నెలకి ఎంత ఇస్తారో కూడా అదే తీర్మానంలో రాయించి, సంతకాలు దాని కింద పెట్టించండి.