ఎండు దుంగ మీద పుట్టగొడుగు: ఏ రకమో ఎలా తేల్చుకోవాలి?

ఎండు దుంగ మీద పుట్టగొడుగు కనబడగానే తుంచేయకండి. ముందు ఉన్నచోటే పైనుంచి, పక్కనుంచి, వీలైతే కిందనుంచి ఫోటోలు తీయండి. ఒంటరిగా ఉందా, గుత్తిగా మొలిచిందా? దుంగ ఏ చెట్టుది? తెలిసినంత రాసుకోండి.

తర్వాత కత్తితో మొదలంటా తీసి తిరగేయండి. నా మటుకు అసలు పని ఇక్కడే మొదలవుతుంది. పైరంగు వానకీ ఎండకీ మారిపోతుంది, దాన్ని నమ్ముకుంటే పొరబడతాం. అడుగున పలచటి రేకులు ఉండొచ్చు, సన్నటి రంధ్రాలు ఉండొచ్చు, ఏమీ లేకుండా నున్నగానూ ఉండొచ్చు.

టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు సంగతే చూడండి. విసనకర్ర ఆకారం, పైన రంగురంగుల వలయాలు, తోలులా వంగే పలచటి ఒళ్లు. స్టీరియం అనే ఇంకో రకానికీ అచ్చం అలాంటి వలయాలే ఉంటాయి. తిరగేస్తే తేడా తెలిసిపోతుంది: టర్కీ టెయిల్ అడుగున మిల్లీమీటరుకు 3 నుంచి 8 రంధ్రాలుంటాయి, స్టీరియం అడుగు నున్నగా ఉంటుంది. భూతద్దం దగ్గర పెట్టుకోండి.

రేకులున్న రకమైతే స్పోర్ ప్రింట్, అంటే విత్తనాల్లాంటి బీజాల పొడి కాగితం మీద వేసే అచ్చు, తప్పనిసరి. కాడ కోసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద టోపీని రేకులు కిందికి వచ్చేలా పెట్టి, పైన గ్లాసు బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం మీద పొడి కనిపిస్తుంది. ఆయిస్టర్ పుట్టగొడుగు పొడి తెల్లగానో లేత ఊదాగానో ఉంటుంది. దాని రేకులు పొట్టి కాడ మీదికి జారి ఉంటాయి.

పొడి తుప్పు రంగులో ఉంటే చాలా జాగ్రత్త. ప్రాణాలు తీసే గెలెరినా మార్జినాటా పొడి రంగు అదే. దాని సన్నటి కాడకి చిన్న ఉంగరం ఉంటుంది, కానీ ఒక్కోసారి అది రాలిపోతుంది. కాబట్టి ఉంగరం లేదని ధైర్యపడొద్దు. తినే రకాల పక్కనే, అదే దుంగ మీద కూడా ఇది మొలవగలదు. అందుకే గుత్తిలో ఒక్కటి చూసి మిగతావీ అవే అనుకోకండి. ఇందులోని అమాటాక్సిన్లు అనే విషాలు ఎంత ఉడికించినా పోవు.

ఫోన్ యాప్ చెప్పిన పేరుని నమ్మి ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. ఫోటోలు, స్పోర్ ప్రింట్, పుట్టగొడుగు మూడూ తెలిసినవాళ్లకి చూపించండి. ఎవరైనా పొరపాటున తింటే, బాగానే ఉన్నాం కదా అని ఆగొద్దు. విషం లక్షణాలు 6 గంటలు దాటాక గానీ బయటపడకపోవచ్చు. మిగిలిన ముక్కని కాగితంలో చుట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.