మాక్ డ్రిల్ ఒకసారి నైట్ షిఫ్ట్‌లో పెట్టి చూడండి

సేఫ్టీ ఆఫీసర్లకు ఒక చిట్కా. ప్రమాదకర రసాయనాలు భారీగా వాడే ఫ్యాక్టరీల్లో ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలని 1989 నాటి నిబంధనలే చెబుతున్నాయి. చాలాచోట్ల అది పగటిపూట, మేనేజర్లందరూ ఉన్నప్పుడు, ముందే చెప్పి చేస్తారు. ఫొటోలు బాగా వస్తాయి, అంతే.

2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ అనే రసాయనం విషపు ఆవిరై లీకైంది తెల్లవారుజామున, ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు. సైరన్ మోగించలేదని విచారణ కమిటీ తేల్చింది. అందుకే డ్రిల్ రాత్రి రెండు మూడు గంటలప్పుడు పెట్టండి. షిఫ్ట్ ఇన్‌చార్జిని ఒక్కటే అడగండి: "పై అధికారి ఫోన్ ఎత్తకపోతే సైరన్ ఎవరు నొక్కుతారు?" వెంటనే ఒక పేరు చెప్పలేకపోతే ముందు ఆ పని చూడండి.

రోజూ వాడే గేటుకు ఆ రాత్రి అడ్డంగా టేపు కట్టండి. అప్పుడు తెలుస్తుంది రెండో దారి ఎంతమందికి తెలుసో, దాని తాళం ఎవరి దగ్గరుందో. గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి అడ్డంగా పక్కకు నడవడం కూడా చేయించండి. గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, అదే విండ్ సాక్, చీకట్లో కనిపించకపోతే దాని మీద ఒక లైటు వేయించాలి.

చివర్లో హెడ్‌కౌంట్. అటెండెన్స్ మెషీన్‌ను నమ్ముకోవద్దు, అందులో కాంట్రాక్టు కూలీలు, లారీ డ్రైవర్లు ఉండకపోవచ్చు. సెక్యూరిటీ గేటు రిజిస్టర్‌ను అసెంబ్లీ పాయింట్‌కు, అంటే బయటికొచ్చిన వాళ్లంతా చేరే చోటికి, తెప్పించి పేరుపేరునా పిలవండి. ఒడిశా, బిహార్ వాళ్లుంటే మైకులో హిందీలో కూడా చెప్పాలి.