ఫార్మాట్ చేయకుండానే ఫ్యాట్32 డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చుకునే పద్ధతి

విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్న పాత కంప్యూటర్‌లో విండోస్ 7 వేయబోతే, సి డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫైల్ సిస్టమ్‌లో (అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతిలో) ఉన్నట్లయితే ఇన్‌స్టలేషన్ ముందుకు సాగదు. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా నుంచి విండోస్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ ఉన్న డ్రైవ్‌లోనే ఎక్కుతుంది. అక్కడ చాలామంది తొందరపడి ఫార్మాట్ చేసేస్తారు కానీ, విండోస్‌తోపాటే వచ్చే కన్వర్ట్ కమాండు ఫైళ్లను కదపకుండా ఫైల్ సిస్టమ్‌ను మాత్రమే మారుస్తుంది.

ఇది ఒకవైపు దారి. తిరిగి ఫ్యాట్32 కావాలంటే ఫార్మాట్ చేయక తప్పదు. పని మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ చెడిపోవచ్చు కనుక, ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, యూపీఎస్ ఉంటేనే మొదలుపెట్టడం మంచిది. డ్రైవ్‌లో కొంత ఖాళీ స్థలం ఉండాలి. ముందుగా డిస్కును పరీక్షించే చెక్‌డిస్క్ కమాండు (chkdsk) నడిపి లోపాలుంటే సరిచేసుకోవాలి. అదే కంప్యూటర్‌లో విండోస్ 98 కూడా ఉంటే, మార్చిన డ్రైవ్ దానికి కనిపించదని గుర్తుంచుకోవాలి.

అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో కన్వర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి సి, కోలన్, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్, ఎఫ్‌ఎస్, కోలన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అని (convert c: /fs:ntfs) రాసి ఎంటర్ నొక్కాలి. అప్పుడు కంప్యూటర్ ఆ డ్రైవ్‌కున్న వాల్యూమ్ లేబుల్‌ను అడుగుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: అది పాస్‌వర్డ్ కాదు, మై కంప్యూటర్‌లో డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే పైన పెట్టెలో కనిపించే పేరే. పెట్టె ఖాళీగా ఉంటే ఉత్త ఎంటర్ నొక్కితే చాలు. సి డ్రైవ్ వాడుకలో ఉంటుంది కాబట్టి, రీస్టార్ట్‌లో మార్చమంటారా అన్న ప్రశ్నకు వై అని జవాబిచ్చి, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేయాలి.

పని పూర్తయ్యాక చెక్‌డిస్క్‌ను మరోసారి నడిపి, చివర చూపే అలొకేషన్ యూనిట్ సైజును (డిస్కులో ఫైళ్లకు కేటాయించే ఒక్కో గడి పరిమాణాన్ని) తప్పక చూడండి. 4096 బైట్లు ఉంటే నిశ్చింత. విండోస్ 98 కాలంలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లలో అది 512గా తేలడం మామూలే. అలాంటి డ్రైవ్‌లో ఫైళ్లు ముక్కలై వేగం పడిపోతుంది. ఆ ఒక్క సందర్భంలో మాత్రం, బ్యాకప్ ఎలాగూ చేతిలో ఉంది కనుక, కొత్త విండోస్ వేసేటప్పుడు ఫార్మాట్ చేయడమే మేలని నా అభిప్రాయం.