స్క్రిప్టుతో విండోను ఎప్పుడు మూయాలి? ఎలా మూయాలి?

మీ వెబ్ పేజీలో ‘మూసేయి’ బటన్ పెట్టి, నొక్కితే బ్రౌజర్ విండో మూతపడేలా స్క్రిప్టు (పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్) రాశారు. నొక్కితే ఏమీ జరగడం లేదు. కన్సోల్ (బ్రౌజర్ తన హెచ్చరికలు చూపే డెవలపర్ ప్యానెల్) తెరిస్తే, స్క్రిప్టులు తాము తెరిచిన విండోలను మాత్రమే మూయగలవన్న హెచ్చరిక కనిపిస్తుంది. ఇది బ్రౌజర్ లోపం కాదు, కావాలని పెట్టిన కట్టడి. ఏ సైటు పడితే ఆ సైటు ట్యాబును మూసేస్తే, మనం వెనక్కి వెళ్లాల్సిన పేజీలన్నీ దాంతోపాటే పోతాయి. నా దృష్టిలో ఈ కట్టడి చాలా అవసరం.

1. ఆ విండోను ఎవరు తెరిచారో ముందు చూడండి. కొత్త విండో తెరిచే విండో.ఓపెన్() ఆదేశంతో మీ స్క్రిప్టే తెరిచి ఉంటే, మూసే ఆదేశం విండో.క్లోజ్() పనిచేస్తుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఇంకో వెసులుబాటు ఉంది: ట్యాబు హిస్టరీలో ఒకే ఒక్క పేజీ ఉంటే దాన్నీ మూయవచ్చు. దీన్ని మాత్రం నమ్ముకోకండి. యూజర్ ఒక్క లింకు నొక్కి ముందుకెళ్లినా ఆ వెసులుబాటు పోతుంది.

2. యూజర్ బటన్ నొక్కినప్పుడే విండో తెరవండి, లేకపోతే పాపప్ బ్లాకర్ ఆపేస్తుంది. విండో.ఓపెన్() తిరిగిచ్చే విలువను ఒక వేరియబుల్‌లో దాచుకోండి. నోఓపెనర్ ఆప్షన్ (కొత్త విండోకు, తెరిచిన పేజీకి మధ్య సంబంధాన్ని తెంచేది) పెడితే మీకు నల్, అంటే ఖాళీ విలువ వస్తుంది, ఇక ఆ విండో మీ అదుపులో ఉండదు.

3. పని పూర్తయ్యాకే మూయండి. లాగిన్ విండోనే తీసుకోండి. ఆ చిన్న విండో ఫలితాన్ని పోస్ట్‌మెసేజ్‌తో (ఒక విండో నుంచి మరో విండోకు సందేశం పంపే పద్ధతి) తనను తెరిచిన అసలు పేజీకి పంపాలి, ఏ సైటుకు పంపుతోందో కచ్చితంగా పేర్కొనాలి. అసలు పేజీ ఆ మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చిందో సరిచూసుకుని, ఫలితం అందాక తానే చిన్న విండోను మూయాలి. పంపిన వెంటనే చిన్న విండోయే మూసుకుపోతే, ఫలితం అందిందో లేదో యూజర్‌కు చెప్పే దారి ఉండదు. మధ్యలో యూజరే ఆ విండోను మూసేయవచ్చు కూడా. అందుకే అది మూతపడిందో లేదో చెప్పే క్లోజ్డ్ విలువను మధ్యమధ్యలో చూస్తూ, ట్రూ అయితే ‘లాగిన్ పూర్తి కాలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని చూపండి.

4. మూతపడకపోతే ఏం కనిపించాలో ముందే రాసిపెట్టండి. ‘పని పూర్తయింది, ఈ ట్యాబును మూసేయవచ్చు’ అన్న ఒక్క వాక్యం చాలు.

5. అడ్డదారులు వద్దు. ఫైర్‌ఫాక్స్‌లో ఈ కట్టడిని ఎత్తేసే సెట్టింగ్ ఉంది, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. మీ టెస్టింగ్ మెషీన్‌లో ఆన్ చేసుకోండి, యూజర్లను మాత్రం మార్చమని అడగకండి.