ఎవరు ముందు ఇంటికి? యుద్ధానంతర సైనికుల విడుదలపై తరగతి చర్చ నడిపే పద్ధతి

హనుమకొండ, కరీంనగర్ డిగ్రీ కళాశాలల్లో రెండవ ప్రపంచయుద్ధం బోధించేవారు దాని ముగింపును ఒకే ప్రశ్నతో నడిపించవచ్చు: విదేశాల్లో ఉన్న సైనికులను ఏ వరుసలో ఇంటికి పంపితే న్యాయం?

ముందుగా నియమాలేవీ చెప్పకుండా ఇద్దరు ఊహాజనిత సైనికుల వివరాలు బోర్డు మీద రాయాలి. మొదటివాడు 22 ఏళ్ల అవివాహితుడు. 36 నెలల సర్వీసులో 24 నెలలు విదేశంలో గడిపి, నాలుగు పోరాటాల్లో పాల్గొన్నాడు. రెండవవాడికి 35 ఏళ్లు, ముగ్గురు చిన్నపిల్లలు. 30 నెలల సర్వీసులో 20 నెలలు విదేశంలో ఉండి, ఒక్క పోరాటమే చూశాడు. ఓడలో ఒక్కరికే చోటుంది. ప్రతి విద్యార్థి తన నిర్ణయాన్ని కారణంతో సహా కాగితం మీద రాయాలి. నోటితో అడిగితే గొంతు పెద్దగా ఉన్నవారి మాటే తరగతి మాట అవుతుంది.

తరువాత 1945 మేలో అమెరికా సైన్యం అమలుచేసిన లెక్కను ఇవ్వాలి. సర్వీసులో నెలకు ఒక పాయింటు, విదేశంలో గడిపిన నెలకు మరొకటి, ప్రతి పోరాటానికి లేదా పతకానికి 5, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ముగ్గురి వరకు తలా 12. మొత్తం 85 అయితే విడుదలకు అర్హత. మొదటివాడికి 80, రెండవవాడికి 91 వస్తాయి. నాలుగు పోరాటాలకు 20 పాయింట్లయితే ఇద్దరు పిల్లలకే 24 అన్న సంగతిని విద్యార్థులే కనిపెట్టేదాకా ఆగాలి, ఎందుకంటే అసలు వాదన అక్కడే మొదలవుతుంది. బ్రిటన్ మాత్రం వయసును, సర్వీసునే చూసింది. రెండు నెలల సర్వీసును ఒక ఏడాది వయసుతో సమానం చేసింది. ఇది మొరటు లెక్కే గాని, ప్రతి సైనికుడూ తన వంతును తానే లెక్కకట్టుకోగలిగేవాడు. నా దృష్టిలో అది చిన్న గుణం కాదు.

దేశానికి అవసరమైనవారిని ముందు పంపాలని ఎవరో ఒకరు తప్పక అంటారు. అప్పుడు 1919 చెప్పాలి. మొదటి యుద్ధం తరువాత బ్రిటన్ ఉద్యోగం సిద్ధంగా ఉన్నవారికి ప్రాధాన్యమిస్తే, వారిలో చాలామంది ఆలస్యంగా చేరినవారే కావడంతో పాత సైనికులు మండిపడ్డారు. జనవరిలో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్ ఓడరేవులో వేలమంది తిరిగి ఫ్రాన్స్‌కు తీసుకెళ్లే ఓడ ఎక్కడానికి నిరాకరించారు. యుద్ధమంత్రిగా వచ్చిన చర్చిల్ వయసు, సర్వీసు, గాయాలను ప్రాతిపదికగా చేశాడు. నియమం ఉన్నా ఇంటికి చేరడం ఆలస్యమైతే ఏమవుతుందో 1946 జనవరిలో కరాచీలో మొదలైన బ్రిటిష్ వైమానిక సిబ్బంది సమ్మె చూపిస్తుంది.

చివరి ప్రశ్న మనవైపు నుంచి వేయాలి. 1941 డిసెంబరులో మలయాలోని కోట బారు విమానాశ్రయం వద్ద హైదరాబాద్ సంస్థానపు పదాతిదళం కాపలా కాసింది. రెండు నెలలకే సింగపూర్ పతనంతో వేలాది భారత సైనికులు జపాన్‌కు బందీలయ్యారు. చెరలో గడిచిన నెలలను విదేశీ సేవగా లెక్కించాలా, అంతకంటే ఎక్కువగానా? దీని తరువాత మొదటి కాగితాలు తిరిగి ఇచ్చి, నియమాన్ని మళ్లీ రాయించాలి. మార్కులు మాత్రం ఎవరిని ఎంచుకున్నారన్న దానికి కాదు; రాసిన నియమం తమ అన్నను వెనక్కి నెట్టినా దానికే కట్టుబడ్డారా అన్నదానికి వేయాలి.