అసలు చేప వచ్చేదాకా ట్యాంక్ సైకిల్ పడిపోకుండా చూసుకోండి

కొత్త చేపల ట్యాంక్‌కి సైకిల్ (అంటే చేపలు వదిలే విష అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాని పెంచడం) పూర్తయింది, అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, ఇక చేప రావడమే తరువాయి అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. కానీ ఆస్కారో డిస్కసో మీరు ఎదురుచూస్తున్న చేప ఇంకో రెండు మూడు వారాలకు గానీ రాదంటే, ఆ మధ్యలోనే పని చెడిపోతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టి పెంచిన బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో, ఫిల్టర్ లోపలి రింగుల మీద, అడుగున పరిచిన గులకరాళ్ల మీద అంటుకుని ఉంటుంది, దానికి తిండి అమోనియా. ట్యాంక్ ఖాళీగా ఉంటే ఆ తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? బ్యాక్టీరియా వెంటనే చచ్చిపోదు గానీ రోజురోజుకీ మందగిస్తుంది. సరిగ్గా అప్పుడే పెద్ద చేప దిగిందంటే అది వదిలే అమోనియాని తట్టుకునే బలం ఫిల్టర్‌కి ఉండదు.

కాబట్టి ముందు దాని తిండి సంగతి చూడండి. రోజూ 1 పీపీఎం (లీటరు నీళ్లకి ఒక మిల్లీగ్రాము), లేదా రోజు విడిచి రోజు 2 పీపీఎం చొప్పున అమోనియా వేస్తూ ఉంటే చాలు. అమోనియం క్లోరైడ్ పొడి వాడితే 100 లీటర్ల నీళ్లకి సుమారు 0.6 గ్రాములు వేస్తే 2 పీపీఎం వస్తుంది. ట్యాంక్ కొలతను బట్టి కాకుండా, రాళ్లూ మట్టీ పోగా నిజంగా ఎన్ని నీళ్లున్నాయో లెక్కేసుకోండి. ఇల్లు శుభ్రం చేసే అమోనియా సీసా వాడాలనుకుంటే ఒకసారి కుదిపి చూడండి, నురగ వచ్చి నిలబడిపోతే అందులో సబ్బు కలిసినట్టే, ట్యాంక్ దగ్గరికి కూడా రానివ్వకండి. 5 పీపీఎం దాటనివ్వకండి, ఎక్కువైతే అదే బ్యాక్టీరియాని వెనక్కి లాగుతుంది. చేపల మేత చిటికెడు వేసి కుళ్లనివ్వడం కూడా ఒక పద్ధతే, కానీ ఎంత అమోనియా వస్తోందో తెలియదు, పైగా నీళ్లు చెడతాయి, నాకైతే నచ్చదు. ఇక "ముందు రెండు చిన్న చేపల్ని వేసి చూద్దాం" అనే ఆలోచన పూర్తిగా మానేయండి, అవి కూడా ప్రాణాలే. పైగా రెండు చిన్న చేపలకి సరిపడా పెరిగిన బ్యాక్టీరియా పెద్ద చేపకి చాలదు.

ఫిల్టర్ రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోయి చాలాసేపు రాదనిపిస్తే, ముఖ్యంగా మూత బిగించి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ అయితే, లోపలి ఆక్సిజన్ అయిపోకముందే స్పాంజ్, రింగులు తీసి ట్యాంక్ నీళ్లలో వేసి బ్యాటరీ ఎయిర్ పంప్ పెట్టండి. స్పాంజ్ మురికిగా కనిపించినా కుళాయి కింద పెట్టి కడగొద్దు, క్లోరిన్ తగిలితే ఇన్నాళ్ల శ్రమ వృథా. ట్యాంక్ లోంచి ఒక మగ్గుతో తీసిన నీళ్లలో రెండుసార్లు మెల్లగా పిండితే చాలు. నీళ్లు మార్చిన ప్రతిసారీ డీక్లోరినేటర్ (క్లోరిన్‌ని పోగొట్టే మందు) తప్పనిసరి.

చాలామంది టెన్షన్ పడేది ఇక్కడ: అంతా బాగానే నడుస్తూ ఉన్నట్టుండి అమోనియా తగ్గడం మానేస్తుంది. బ్యాక్టీరియా చచ్చిపోయిందనుకుని కొత్త బ్యాక్టీరియా సీసా కొనడానికి పరుగెత్తకండి, ముందు పీహెచ్ (నీళ్లలో ఆమ్లగుణం ఎంతుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూడండి. అమోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది, అది నీళ్లలోని కేహెచ్‌ని (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్లని) కొంచెం కొంచెంగా తినేస్తుంది, కేహెచ్ తక్కువున్న నీళ్లలో కొద్ది రోజులకే పీహెచ్ జారిపోతుంది. 6.5 కంటే దిగితే పని నెమ్మదిస్తుంది, 6 దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది. సగం నీళ్లు మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది, మీ కుళాయి నీళ్లలోనే కేహెచ్ తక్కువైతే కొద్దిగా వంటసోడా కలపొచ్చు. ట్యాంక్‌లో చేప లేదు కాబట్టి ఇప్పుడు ఇది భయం లేని పని. చేప ఉండగా, అమోనియా పేరుకుని ఉన్న నీళ్లలో పీహెచ్ ఒక్కసారిగా పెంచితే అంతవరకూ పెద్దగా హాని చేయని అమోనియం విషమయ్యే అమోనియాగా మారుతుంది, అందుకే ఈ పని ముందే కానివ్వండి.

టెస్ట్ చేసేటప్పుడు ఒక్క మాట. లిక్విడ్ నైట్రేట్ కిట్లలో సాధారణంగా రెండో సీసాలోని మందు అడుగున గట్టిపడుతుంది, చేతితో బాగా అర నిమిషం ఊపకుండా చుక్కలు వేస్తే నైట్రేట్ ఉన్నా లేనట్టే చూపిస్తుంది. అంత ఓపికగా చేసిన టెస్టే నమ్మండి.

చేప వచ్చే వారం 2 పీపీఎం వేసి, 24 గంటల తర్వాత అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయో లేదో చూడండి. రాకపోతే చేప పంపడం వాయిదా వేయమని అమ్మేవాళ్లని అడగండి, మొహమాటపడొద్దు. వస్తే, చివరి డోసు పూర్తిగా ఖర్చయ్యాక, చేప దిగే ముందురోజు నాలుగింట మూడొంతులకు పైగా నీళ్లు మార్చి నైట్రేట్ 20 పీపీఎం కంటే కిందకి తేండి, ఉష్ణోగ్రత చేపకి తగ్గట్టు పెట్టండి. ఆ రోజు ఫిల్టర్‌ని తాకొద్దు.

దూరం నుంచి సంచిలో వచ్చిన చేప అయితే, సంచి విప్పగానే ఆ నీళ్ల పీహెచ్ పెరిగి లోపల పేరుకున్న అమోనియా విషమయ్యే అవకాశం ఉంటుంది, అందుకని గంటల తరబడి చుక్క చుక్క నీళ్లు కలుపుతూ కూర్చోకుండా, విప్పకముందే ఉష్ణోగ్రత సమం చేసి, త్వరగా వలతో చేపని ట్యాంక్‌లోకి దించండి. సంచి నీళ్లు పారబోయండి. మొదటి రోజు మేత వద్దు, తర్వాత కొద్దిగా మొదలుపెట్టి, ఒక వారం పాటు రోజూ అమోనియా, నైట్రైట్ చూస్తూ, 0.25 పీపీఎం కనిపించినా వెంటనే కొంత నీళ్లు మార్చేయండి.