మోకాళ్లు గుంజకుండా గేరు సైకిల్

కొత్తగా గేరు సైకిల్ కొన్నవాళ్లు కాజీపేట బ్రిడ్జి ఎక్కేసరికి మోకాళ్లు గుంజుతున్నాయంటారు. చాలాసార్లు తప్పు కాళ్లది కాదు, గేరుది. చదును రోడ్డు మీద 15 సెకన్లు కుడికాలు ఎన్నిసార్లు కిందికి వచ్చిందో లెక్కపెట్టండి. 18 నుంచి 22 వస్తే సరే. 15 కూడా రాకపోతే వెనక ఒక పెద్ద పళ్లచక్రానికి మార్చండి; సీటు మీద ఎగిరెగిరి పడుతుంటే ఒక చిన్నదానికి. సీటు ఎత్తు కూడా చూసుకోండి: పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఎత్తు మొదలవక ముందే గేరు తగ్గించాలి, అంటే వెనక పెద్ద పళ్లచక్రానికి మార్చాలి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే చైను టకటకమని జారుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. అప్పటికే ఆలస్యమైతే రెండు తొక్కులు గట్టిగా తొక్కి, పెడల్ తిప్పుతూనే కాలి బలం తగ్గించి మార్చండి.